ఎవరి రక్తమూ సరిపోదట

2011 సెప్టెంబర్ 20

మళ్లీ పసరు. చందానగర్ మార్కెట్ వెనక ఎవరో పోస్తారట, అన్న పొద్దున్నే గ్లాసుతో హాజరు. "కండ్లు పచ్చగైనయి, కామెర్లే. జర తాగు." పది రోజులుగా ఉప్పూ నూనే లేని తిండి... చాలు. మూత్రం డికాషన్ రంగులో పోతోంటే ఇంకా పసరేమిటి? సింకులో వంపేశాను. అన్న అలిగి, జెండా తీసుకుని తెలంగాణ ర్యాలీకి వెళ్లిపోయాడు.

సెప్టెంబర్ 22

సమ్మె. బస్సుల్లేవు. నిజాంపేట హాస్టల్ నుంచి మా ఆఫీసు శిరీష స్కూటీ మీద వచ్చి ఎక్కించుకుంది. రాయదుర్గంలో ఆఫీసు మెట్లు ఆరు ఎక్కి కూర్చుండిపోయాను. "పా మే, ఆస్పత్రికి." సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, రానన్నాను. ఈ కర్నూలు పిల్ల వింటేగా! రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

సెప్టెంబర్ 23

వార్డు. కామెర్లు కాదు. నా ఒళ్లే నా ఎర్ర కణాలను పరాయివనుకుని విరగ్గొడుతోందట. హిమోగ్లోబిన్ నాలుగు. "ఇంకా తగ్గితే గుండె తట్టుకోదండీ," అంది డాక్టరమ్మ. భయమేసింది. ఈ డైరీలో తప్ప ఎక్కడా ఒప్పుకోను.

సెప్టెంబర్ 24

అన్న ధర్నా నుంచే ఆరుగురిని తెచ్చాడు, అందరిదీ నా గ్రూపే. శిరీషదీ అదే. చెయ్యి చాపి నిలబడింది. అన్న ముఖం మాడ్చుకుని, "మనోళ్లున్నరు గద..."

"రక్తం ఇచ్చేకి గూడా ఊరడుగుతారా అన్నా?"

ఒళ్లు మండింది. అందరిదీ పరీక్షించాల్సిందేనని అరిచాను. అరిచినందుకు గంటసేపు ఆయాసం. అయినా అరవాల్సిందే.

సాయంత్రం — ఏడుగురిలో ఒక్కరిదీ సరిపోలేదు. "గ్రూపు గదే గద!" అని అన్న. గ్రూపు కలిసినా లాభం లేదట, నా రక్తం ఎవరి కణాన్నైనా పట్టుకుంటుందట. "ఆవిడ కణాలతోనే ఆవిడకు కుదరడం లేదండీ," అంది డాక్టరమ్మ. నవ్వొచ్చింది. అన్న నవ్వలేదు. బయటికి వెళ్లి శిరీషకు చాయ్ తెచ్చిచ్చాడు.

సెప్టెంబర్ 25

హిమోగ్లోబిన్ మూడున్నర. స్టెరాయిడ్లు పనిచేయడానికి రోజులు పడతాయట. అన్ని రోజులు లేవు. ఉన్నవాటిలో నా రక్తంతో కాస్త తక్కువ గొడవపడేది ఎక్కిస్తారట. ఎక్కించిందీ విరిగిపోవచ్చు, ఇంకేమైనా కావచ్చు. సంతకం కావాలి. అన్న పెన్ను పట్టుకుని కాగితం మళ్లీ మొదటినుంచి చదివాడు. "ఏమన్నైతే?" పెన్ను లాక్కుని నేనే పెట్టాను. ఒళ్లు నాది.

"ఎవరిదమ్మా ఆ రక్తం బ్యాగు?" అని అన్న సిస్టర్‌ని అడిగాడు. చెప్పరట. చెప్పినా నేను విననన్నాను.

అదే రోజు, మధ్యాహ్నం

పది నిమిషాలైంది. చుక్క... చుక్క. కుడి చేతికి సూది, ఎడమ చేత్తో రాస్తున్నాను, కోడి గెలుకుడు. చలి పుడితే రక్తం పడనట్టేనట, వెంటనే చెప్పాలట, ఆపేస్తారట. సిస్టర్ నా ముఖమే చూస్తోంది.

కొంచెం చలిగా ఉంది. ఏసీ అయ్యుండొచ్చు.

ఇంకో పది చుక్కలు పడనీ. అప్పుడు చెబుతాను.