అన్నయ్య ఎక్కిన అవతలి బెంచీ

యార్క్‌టన్, మార్చి 2

అమ్మా,

ఒరెస్ట్ అన్నయ్య ఐస్ హాకీ ఆట మధ్యలో అవతలి జట్టు బెంచీ మీద కూర్చున్నాడని రేడియోలో విని, తలకు దెబ్బ తగిలిందని బెంగపడతావేమోనని వెంటనే రాస్తున్నాను. దెబ్బేమీ లేదు. పన్నెండేళ్లలో తొమ్మిది జట్లు తిరిగినవాడు, నిన్న ఆడింది తన పాత జట్టు మీద. అలసిపోయి, కాసేపు కూర్చుందామని, అలవాటుగా వాళ్ల వైపు మంచు మైదానం అంచున ఉన్న చెక్కగోడ దూకి వాళ్ల బెంచీ ఎక్కాడు.

"జరగండ్రా, ముసలోడు ఇంటికొచ్చాడు," అని వాళ్లు చోటిచ్చారు. ఈలోగా మన జట్టు మీద గోల్ పడింది. ఇప్పటి జట్టు కోచ్ అన్నయ్యను జట్టులోంచి తీసేశాడు.

పాత కోచ్ మాత్రం వెతుక్కుంటూ వచ్చి, "కూర్చున్నావుగా, ఇక లేవకు. మావాళ్లకు ఆట నేర్పు," అన్నాడు. నన్ను చదివించిన ఆ కాళ్లకు విశ్రాంతి దొరికిందని దేవుడికి దండం పెట్టుకున్నాను.

కానీ ఆట మానగానే పొలానికి వస్తానని నీకు మాటిచ్చాడట. నువ్వు సరేనంటేనే ఈ నేర్పే పనికి ఒప్పుకుంటాడట. ఆవు ఈనిందా? కార్డు చదివి వినిపించే స్టెఫాన్ మామకు నమస్కారాలు. పదో తేదీలోగా ఆయన చేత జవాబు రాయించు.

నీ ఓల్హా