మొదటి వరుస, ఏడో నంబరు గొడుగు

ఇటలీలోని అలాసియో పట్నంలో సముద్రపు ఒడ్డున పడక కుర్చీలకు గుడ్డ కుడుతూ యాభై రెండేళ్లు బతికిన జెరోలమో బొన్ఫాంతే అనే నేను, ఎనభై మూడేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివి నిలకడగా ఉండగా రాయిస్తున్న వీలునామా ఇది. తెలివి సంగతి నోటరీ గారే పరీక్షించారు. ఈరోజు తేదీ అడిగారు. తేదీతో పాటు గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో కూడా చెప్పాను. అది ఆయనకే తెలియదు.

1. అంత్యక్రియలు. నేను ఆగస్టులో పోతే ప్రార్థన ఉదయం ఆరింటికల్లా ముగించాలి. ఈ ఊరు పదకొండు నెలలు ఆ ఒక్క వేసవి సెలవుల నెల కోసమే బతుకుతుంది. మా నాన్న ఆగస్టు పదిహేనున పోయాడు. పెట్టె మోయడానికి వచ్చిన నలుగురిలో ఇద్దరి జుట్టు సముద్రపు నీళ్లతో ఇంకా తడిగానే ఉంది.

2. ఇల్లు, కుట్టుమిషను, పనిముట్లు జెనోవాలో ఉంటున్న మా అన్న కొడుకు ఎర్మెస్‌కు. మంచివాడే, ఫోన్ చేస్తుంటాడు. కానీ పోయిన వేసవిలో "ఎక్కడ కూర్చుంటే ఏంటి బాబాయ్, సముద్రం సముద్రమేగా!" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాలుగో అంశంలో వాడి పేరు కొట్టేశాను.

3. రొట్టెల తుల్లియోకు నా కట్టుడు పళ్లు. నలభై ఏళ్లు నాకు మాడిన అంచు ముక్కలే పొట్లం కట్టి, "నమలవయ్యా, పళ్లకి బలం" అనేవాడు. ఆ బలం ఏమైందో వాడే చూసుకోవాలి.

4. ఇక అసలు ఆస్తి. మా బీచిలో గొడుగులు ఐదు వరుసలు. మొదటి వరుసలో ఏడో నంబరు చోటు మా తాత నాటి నుంచి మాది. చోటు గలవాడు పోతే అది భార్యకు, భార్య లేకపోతే వీలునామాలో పేరున్నవాళ్లకు వెళ్తుందని బీచి కట్టుబాటు. నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకో చెప్పబోతే నోటరీ గారు గడియారం చూస్తున్నారు.

నా వెనకే, రెండో వరుసలో, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒత్తావియా గారు కూర్చుంటారు. భర్త పోయినప్పటి నుంచీ, ఇరవై ఆరు వేసవులుగా. ఆమెకు అక్కడి నుంచి కనిపించేది సముద్రం కాదు, నా గొడుగు, నా వీపు. ఏటా జూన్ ఒకటిన ఒకటే పలకరింపు: "ఏమయ్యా, ఇంకా ఉన్నావా? పోనీ, దగ్గయినా ఉందా?" నేను "లేదండీ, ఈ ఏడు ఇంకా బాగున్నాను" అంటాను. "నా ఖర్మ!" అని నవ్వి, పీచ్ పండు తొక్క తీసి, ముక్కలు కోసి, నా భుజం మీదుగా అందిస్తారు.

ఆ చోటు ఒత్తావియా గారికి రాస్తున్నాను.

5. వీలునామాలో ఏదైనా పొందేవాళ్లు దానికి సాక్షి సంతకం పెడితే, వాళ్లకు రాసింది చెల్లదట. నోటరీ గారు నిన్ననే చెప్పారు. అందుకే రెండో సాక్షిగా ఒత్తావియా గారిని పిలిపించాను. నాకు మతి పోయిందని ఆయన అనుమానం. పోలేదు. నాకు ఎనభై మూడు, ఆమెకు డెబ్బై తొమ్మిది. నేను పోయేదాకా ఆగమనడం అన్యాయం.

ఒత్తావియా, ఇక్కడ నుంచి 'గారు' తీసేస్తున్నాను. నువ్వు సంతకం పెట్టకపోతే నాలుగో అంశం ఉన్నదున్నట్టే ఉంటుంది, నోటరీ గారి గుమాస్తా సాక్షి అవుతాడు, నీ మీద నాకు ఏ కోపమూ ఉండదు. పెడితే ఆ అంశం రద్దు. అప్పుడు చోటు నీకు రావడానికి బీచి కట్టుబాటులో మిగిలే దారి ఒక్కటే. ఆ గొడుగు కింద రెండు కుర్చీలు పడతాయి. రెండోదానికి నీలం చారల గుడ్డ కుట్టి ఉంచాను.

1994 మే 21, అలాసియో.

(సంతకం) జెరోలమో బొన్ఫాంతే

సాక్షులు:

1. ఒరాత్సియో ఫెరాందో, మంగలి.

2. ఒత్తావియా రెబోరా. ఎండ తగలని వైపు కుర్చీ నాది, ముందే చెబుతున్నా.