లైట్‌హౌసు మెట్లకు పసుపు

సరస్సు ఒడ్డు లైట్‌హౌసు అధికారి గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ లైట్‌హౌసు మెట్లకు పసుపు కుంకుమ పెట్టింది మా ఆడపడుచు కుప్పమ్మ. అందుకని మీ వాచ్‌మన్ ప్రేమానందాన్ని పనిలోంచి తీసేస్తామని నోటీసు ఇచ్చారట. అతని తరఫున రాస్తున్నాను.

తప్పు కొంత మీరు గేటు దగ్గర పెట్టిన బోర్డుది. ఈ లైట్‌హౌసును దొరలు కట్టించారనీ, ఉప్పు పడవలకు దారి చూపడానికి మొదట్లో కొబ్బరినూనె దీపం వెలిగించేవారనీ అందులో రాశారు. బడిలో పాఠం చెప్పిన అలవాటు కొద్దీ నేను దాన్ని పైకి చదివాను. కొబ్బరినూనె దీపం అని విన్నాక కుప్పమ్మను ఆపడం నా వల్ల కాలేదు. ఆమె ఏటా అలిపిరి మెట్లన్నిటికీ బొట్లు పెట్టి కొండెక్కే మనిషి. పోయినేడు కాలు విరిగి పుత్తూరు కట్టు కట్టించుకున్నాక అంత కొండ ఎక్కలేకపోతోంది. మీ గుండ్రటి మెట్లు చూసేసరికి ప్రాణం లేచొచ్చింది. సంచిలో పసుపు ఎప్పుడూ ఉంటుంది.

ప్రేమానందం వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, ఇది గుడి కాదు, గవర్నమెంటు లైట్‌హౌసు," అన్నాడు.

కుప్పమ్మ బొట్టు పెడుతూనే, "పైన దీపం ఉండాది గదా నాయనా. దాన్ని జూసే గదా అంతమంది ఒడ్డుకు చేరినారు. గుడికి ఇంకేం గావాల?" అనింది.

అతను జవాబు తోచక నిలబడిపోయాడు. మీరు నోటీసు ఇచ్చింది అలా నిలబడినందుకే. ఆమెకు చెప్పవలసిన జవాబు మీకు తెలిస్తే రాసి పంపండి, నేనే వచ్చి మెట్లు కడుగుతాను. తెలియకపోతే నోటీసు వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
పుత్తూరు రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్