తేమ ముందా, వేడి ముందా

ప్రియమైన పిచ్చుకకు,

కోపంగా రాస్తున్నాను, ముందే చెప్తున్నా. ఇంక్యుబేటర్ నడపడానికి నువ్వు రాసిచ్చిన పైథాన్ ప్రోగ్రామ్ మా కొంప ముంచింది! నువ్వు నేర్పినట్టే ఆఖరి లైన్ నేనే రాసి, పిల్ల కట్టిన గుడ్లన్నీ కొత్త ఇంక్యుబేటర్‌లోకి మార్చి, టీ పెట్టుకోవడానికి వెళ్లాను. వచ్చేసరికి వేడి నలభై దాటి ఇంకా ఎక్కుతోంది. స్విచ్ ఆపేసి, ట్రేలన్నీ మళ్లీ పాత మెషీన్‌లో పెట్టాం. లోపల పిల్లలు బతికున్నాయో లేదో తెలియదు. సొంతంగా పెట్టిన కోడిపిల్లల హేచరీలో మొదటి బ్యాచ్ ఇది. ఇదీ పోతే మళ్లీ ఎవరి దగ్గరో జీతానికి చేరాల్సిందే. మీ బావ హీటర్ విప్పేస్తానని స్క్రూడ్రైవర్ పట్టుకుని తిరుగుతున్నాడు. నేను రాసిన లైన్ ఇది: సెట్(తేమ, వేడి). తప్పెక్కడుందో చూడు.

ఏడుపొక్కటే తక్కువగా,
నీ అక్క

ప్రియమైన అక్కా,

ముందు బావ చేతిలోంచి ఆ స్క్రూడ్రైవర్ లాక్కో. హీటర్ బంగారంలా ఉంది.

నీ లైన్‌ని డీబగ్గర్‌లో పెట్టాను. అది ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి, ఒక్కో లైన్ నడిపిస్తూ ఏ పేరులో ఏ విలువ ఉందో చూపిస్తుంది. నీ లైన్ దగ్గర ఆపితే తేమ 55, వేడి 37.5. అంతా సవ్యమే. ఒక్క అడుగు వేసి, నేను రాసిన ‘సెట్’ ఫంక్షన్ లోపలికి వెళ్లానా, వేడి 55, తేమ 37.5! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నా ఫంక్షన్‌లో వేడి ముందుంది, తేమ తర్వాత. బయట నువ్వు ఏ పేరు పెట్టుకున్నావో పైథాన్ చూడదు. మొదట వచ్చింది మొదటి పేరుకి, రెండోది రెండో పేరుకి ఇచ్చేస్తుంది. అవునూ, తేమ ముందెందుకు రాశావక్కా?

ఇకనుంచి సెట్(వేడి=37.5, తేమ=55) అని రాయి. పేరు పెట్టి పంపితే వరస ఎటున్నా ఫర్వాలేదు. నువ్వూ డీబగ్గర్‌లో నడిపించి చూసుకో, ఖాళీ మెషీన్‌తో! గుడ్ల సంగతి వెంటనే రాయి. నాకు ముద్ద దిగట్లేదు.

నీ
పిచ్చుక

ప్రియమైన పిచ్చుకా,

మా తేమ మీటర్ తలుపు పక్కనే ఉంటుంది కదా, లోపలికి రాగానే అదే కనిపిస్తుంది. డ్యూటీ మారేటప్పుడు ఆ వరసలోనే, ఏది ఏదో చెప్పకుండా అంకెలు రెండూ అరిచేస్తాం. నోటికి అలవాటైందే చేత్తో రాశాను.

నువ్వు చెప్పినట్టు ఆపి ఆపి నడిపించాను. యాభై అయిదు పోయి వేడిలో కూర్చోవడం కళ్లారా చూశాను. ఓరి నాయనో! పేర్లు పెట్టాక దేనిది దానికి చేరింది.

ఇక గుడ్లు. గుడ్డు వెనక లైటు పట్టి లోపల కదలిక చూడటానికి మీ బావకీ ధైర్యం చాల్లేదు, నాకూ చాల్లేదు. చివరికి నేనే పట్టాను. మొదటి గుడ్డులో ఏమీ కదల్లేదు. అలాగే పట్టుకుని నిలబడితే, లోపల చిన్న తన్ను. ఎంత ఏడ్చానో! తర్వాత వరసగా అన్నీ చూశాం. నాలుగైదు తప్ప అన్నీ బతికే ఉన్నాయి. వేడి పెంకు దాటి లోపలికి ఎక్కేలోపే తీసేశామట, పశువుల డాక్టరుగారు చెప్పారు.

ఇది రాస్తుంటే పక్కగదిలో పెంకు పగలగొట్టుకొచ్చిన పిల్లలవి ఒకటే కిచకిచ. ఇందాక మీ బావ అక్కడినుంచి "ముప్పై ఏడున్నర!" అని అరిచాడు.

"ఏది?" అని గద్దించాను.

"వేడి తల్లీ, వేడి!"

ఇప్పుడైనా కడుపునిండా తిను.

హాయిగా,
నీ అక్క