వెనక్కి జరిగిన గుండు

బొద్దుపిల్లా,

మీ అక్క సూయీ పోయి నెలైనా కాలేదు, దాని అత్తింటి ఫాంగ్ వాళ్ళు అప్పుడే నీకోసం పెళ్ళి మధ్యవర్తిని పంపారు. "తూకపు కర్రకు గుండు తోడుండాలి కదమ్మా! పెద్దది పోతే చిన్నది లేదా?" అందది.

మొన్న వేసవి తొలిరోజున వాళ్ళింట్లో ఆనవాయితీగా అందరినీ గంపలో కూర్చోబెట్టి తూచారు. ఆ రోజు కర్ర మీద గుండు బరువు పెరిగే వైపు, ముందుకే జరగాలి; బరువు తగ్గే వైపు, వెనక్కి జరపడం అశుభం. మీ అక్క కూర్చోగానే వాళ్ళత్త గుండును వెనక్కి, ఇంకా వెనక్కి లాగింది. "మా కోడలికి ఆకలే వేయదు" అని ఇరుగుపొరుగుతో ఇకిలించింది. తిననిస్తే కదా!

మధ్యవర్తి మొహాన కుడితినీళ్ళు కొట్టి పంపాను. నువ్వు పనిచేసే మిల్లు దగ్గరికొచ్చి బతిమాలినా నువ్వు ఒప్పుకోకు. ఆ ఇంటి గడప తొక్కకు. వచ్చే వేసవికి నిన్ను నేనే తూస్తాను. కడుపునిండా తిను తల్లీ.

మీ అమ్మ