కోడలు చెప్పాల్సిన మాట

మంగళవారం, ప్రొద్దుటూరు

సాయంత్రం పులివెందుల బస్సు దిగి వచ్చినప్పటి నుంచి కోడలు నాగరత్న ముఖం బాగాలేదు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అడిగాను, "ఏందే, ఎవరన్నా ఏమన్నా అన్న్యారా?"

ఎవరూ ఏమీ అనలేదట. మెడికల్ కాలేజీ లైబ్రరీలో డాక్టర్లకు కావలసిన వ్యాసాలు వెతికిపెట్టడం దాని పని. పెద్ద డాక్టరు షుగరు పుండ్లకు ఒక మందు మీద పరిశోధన మొదలుపెడుతున్నాడు. ఆయన నమ్ముకున్న వ్యాసంలో లెక్కలు తప్పని, అచ్చువేసినవాళ్ళే దాన్ని ఎప్పుడో రద్దు చేశారట. ఆ సంగతి ఆయనకు తెలియదు. నాగరత్న ఈరోజే కనిపెట్టింది.

దానిది పర్మినెంటు కాని ఉద్యోగం.

"నోర్మూసుకోని ఉండు తల్లీ. అంత చదువుకున్న ఆయప్పకు నువ్వు తప్పు చూపిస్తావా? అడిగింది అందియ్యి, చాలు."

"తప్పుది అందిచ్చేదానికా అత్తా నాకు జీతమిస్తాండేది?"

"రేప్పొద్దున ఇంటికి పొమ్మంటే?"

"వస్తా. గొర్లు కాస్తా," అని నవ్వింది. తర్వాత నా కాలి షుగరు పుండు కట్టు వైపు చూసి, "ఆ మందు పూసేది నీ మాదిరోళ్ళకే అత్తా," అంది.

చిక్కుడుకాయలు పక్కన పెట్టి, "పొద్దున్నే చెప్పు. భయపడతా నిలబడొద్దు, కూర్చోని చెప్పు," అన్నాను.

అన్నానే గానీ, ఆ డాక్టరుకు కోపమెక్కువా అని అడగనేలేదు. ఇప్పుడు నిద్రపోతున్నదాన్ని లేపి అడిగితే అదీ భయపడుతుందేమో...