చూడకుండా కూర్చున్నందుకు

మెర్ల్‌కు, ప్రాణానికి ఢోకా లేదు, ముందు ఆ మాట చదువుకో.

మంగళవారం ఉన్ని కత్తిరించే షెడ్డు వెనక మరుగుదొడ్లో చూసుకోకుండా కూర్చున్నాను. కూర్చునే చెక్క కిందున్న విషపు ఎర్రచార సాలీడు పిర్ర మీద కరిచింది. చెప్పుకోలేక వేలి మీద కరిచిందన్నాను. వంటాయన పెర్సీ పాపం ఆ వేలికే ఐసు పెట్టాడు. నాకేమో తొడలు లాగేస్తున్నాయి, ఒళ్ళంతా చెమట, వాంతులు. ఆస్పత్రిలో నర్సమ్మ వేలు తిప్పితిప్పి చూసి, "గాటేదయ్యా? నిజం చెప్తావా, సిగ్గుతో చస్తావా?" అంది. చెప్పాను. విరుగుడు సూది వేశారు. ఇప్పుడు షెడ్డులో అడుగుపెడితే చాలు, "రా క్లెమ్, కూర్చో" అని అందరూ పీటలు వేస్తున్నారు.

నా గళ్ళ చొక్కా పంపు. కుక్క కాలు నయమైందా?

అసలు సంగతి. మనింటి మరుగుదొడ్డి చెక్క కింద బూజు దులిపే వచ్చానని నీతో అన్నాను. దులపలేదు. నువ్వు దులిపేదాకా పిల్ల డోరీన్‌ని అటు వెళ్ళనివ్వకు. దానికి నా ముద్దులు.

పోస్టాఫీసు ఎడ్నమ్మ ఎలాగూ ఈ కార్డు చదివి ఊరంతా చాటుతుంది. చాటనీ. కార్డు కంటే ముందు కబురైనా నీకు అందుతుంది.

క్లెమ్